రెండు షిఫ్టుల యుద్ధం

గోదావరిఖని,
9 సెప్టెంబర్ 1973.

ప్రియమైన మరిది యోనాకు,

ప్రభువు నామంలో వందనాలు. బెల్లంపల్లి ఆఫీసులో సిరా అయిపోయిందా, లేక వదిన మీద ప్రేమ అయిపోయిందా? వానాకాలం మొదలైనప్పటి నుంచీ నీ చేతిరాత చూడలేదు. ఇక్కడి దవాఖానలో కొత్తగా చేరిన నర్సు సుగుణమణి గురించి పోయిన ఉత్తరంలో రెండు ముక్కలు రాశానని ఇలా మాయమయ్యావని మీ అన్నతో అన్నాను. భయపడకు. ఆ అమ్మాయి ఇంకా నీ ఫోటో చూడలేదు. చూశాక భయపడాల్సింది ఆమే.

ఇప్పుడు రాస్తున్నది పెళ్లి గురించి కాదు, యుద్ధం గురించి. మా హెడ్మాస్టరు గారు ఏదో పత్రికలో బొమ్మలు చూశారు. ఎక్కడో ఒక దేశంలో జనం ఏటా తాతముత్తాతల బట్టలు వేసుకుని, వాళ్లు చేసిన యుద్ధాన్నే మళ్లీ చేస్తారట. "మనమూ చేద్దాం, జనవరి ఇరవై ఆరుకి" అన్నారు. బడిలో సాంఘికం చెప్పేది నేనే కాబట్టి ఆ యుద్ధం నా నెత్తిన పడింది. ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీ సైన్యం కోటలన్నీ పట్టుకుంటూ వచ్చింది కదా. మన రామగిరి గుట్ట మీది కోట దగ్గర ఏం జరిగిందో వివరంగా నాకు ఎక్కడా దొరకలేదు. ఒక పగలంతా పోరాడి ఓడిపోయారని నేనే అల్లుకున్నాను. బడి వెనక మైదానమే రామగిరి.

అందరూ దీన్ని నాటకం అంటున్నారు. కాదని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. నాటకంలో ఒకరు రాసిన మాటలు ఇంకొకరు అప్పజెప్పుతారు. ఇందులో రాసిన మాటలు ఉండవు. ఆనాడు వాళ్లు మోసింది మనం మొయ్యాలి, వాళ్లు నిలబడ్డట్టు ఎండలో నిలబడాలి, పడ్డట్టు పడాలి. అప్పుడు లోపల ఏమనిపిస్తుందో చూసుకోవాలి. ఇంత చెబితే హెడ్మాస్టరు గారు తల ఊపి, "అంతా బాగుందమ్మా, చివర్లో జనగణమన ఉంటుంది కదా?" అన్నారు.

పిల్లలతో చేయిస్తే కళ్లు పొడుచుకుంటారని గని మనుషులను అడిగాం. ఫస్టు షిఫ్టు వాళ్లు ఢిల్లీ సైన్యం. సెకండు షిఫ్టు వాళ్లు కోట సైన్యం. డాళ్లకు బొగ్గు తట్టలు, కత్తులకు వెదురు బద్దలు సరిపోతాయి. గడ్డాలే లేవు. మీ ఊళ్లో నాటకాల వాళ్ల దగ్గర ఉంటాయి కదా, బతిమాలి ఒక మూట పంపు.

మీ అన్న బాగున్నాడు. డ్యూటీకి పోతున్నాడు.

నీ వదిన,
సువార్త.


బెల్లంపల్లి,
23 సెప్టెంబర్ 1973.

మా సేనాధిపతి వదినకు వందనాలు.

గడ్డాల మూట బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. విప్పగానే నన్ను తిట్టవద్దు. ఇక్కడి వాళ్లు ఎప్పుడూ మునుల కథలే ఆడతారు. అందుకని గడ్డాలన్నీ తెల్లవే, పొడుగువే. నీ ఢిల్లీ సైన్యం యుద్ధానికి వచ్చినట్టు కాక తపస్సుకు వచ్చినట్టు ఉంటుంది. అయినా బొగ్గు గనుల ఊళ్లో ఉండి నలుపుకు వెతుక్కునే పని నీకు లేదు.

నీ యుద్ధం సంగతి మా ఆఫీసులో చదివి వినిపించాను. మా పెద్ద గుమాస్తా ఒకటే అడిగాడు. "ఫస్టు షిఫ్టు పనిలో ఉన్నప్పుడు సెకండు షిఫ్టు ఇంట్లో ఉంటుంది. సెకండు షిఫ్టు పనిలో ఉన్నప్పుడు ఫస్టు షిఫ్టు నిద్రలో ఉంటుంది. ఈ రెండు సైన్యాలు ఎక్కడ కలుస్తాయయ్యా?" జవాబు నీ దగ్గర ఉంటుందని చెప్పి నీ పరువు కాపాడాను.

నర్సు గురించి నేను ఏమీ చదవలేదు. ఆ పేజీ మీద టీ ఒలికింది.

ఒక్క మాట వదినా. గడ్డాల గురించి ఇంతింత రాశావు. అన్న గురించి రెండే ముక్కలు. ఎండాకాలంలో గనిలో కప్పు కూలిన తరువాత నేను వచ్చి చూసినప్పుడు, అన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పక్కనే పనిచేస్తున్న గట్టయ్యన్న పోయాడన్న బాధ తగ్గాక లేస్తాడులే అన్నావు. చేతి కట్టు విప్పారు, డ్యూటీకి పోతున్నాడు అని తరువాత రాశావు. మొన్న మీ గని నుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయనను అడిగితే, కప్పుకు దుంగలు పెట్టే టింబరు పనిలో సామ్యేలన్నను ఈ మధ్య చూడలేదే అన్నాడు. షిఫ్టు మారిందా?

నీ మరిది,
యోనా.


గోదావరిఖని,
14 అక్టోబర్ 1973.

మరిది యోనాకు వందనాలు.

మునుల గడ్డాలు అందాయి. నర్సింగం అని ఫస్టు షిఫ్టు నాయకుడు ఉన్నాడు, ఢిల్లీ సుల్తాను సేనాపతి. గడ్డం పెట్టుకుని అద్దంలో చూసుకుని, "టీచరమ్మా, నేను ఆశీర్వాదం ఇయ్యాల్నా, కత్తి తియ్యాల్నా?" అన్నాడు. చివరికి బొగ్గుపొడి కలిపిన గంజిలో ముంచి ఆరేశాం. దండెం నిండా గడ్డాలు వేలాడుతుంటే దారిన పోయే ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు.

మీ పెద్ద గుమాస్తా అన్నది నిజమే. సెకండు షిఫ్టు వాళ్లు బడి గంట కొట్టకముందు కళ్లు నులుముకుంటూ వచ్చి శత్రువు లేని కోటను కాపాడతారు. ఫస్టు షిఫ్టు వాళ్లు సాయంత్రం వచ్చి కాపలా లేని కోటను ముట్టడిస్తారు. ఆదివారం కలుపుదామంటే సగం మంది చర్చికి, సగం మంది ఊళ్లలో పొలాలకు పోతారు. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది మా యుద్ధం.

ఇది చాలదని పోశం మొండికేశాడు. పోశం కోటకు అధిపతి.

"ఏంది టీచరమ్మా, మేమెందుకు ఓడాలె? పోయిన నెల బొగ్గు మేమే ఎక్కువ తీసినం. ఫస్టు షిఫ్టోళ్లతోని ఓడినమంటే రేపు ఏ మొకం పెట్టుకొని గనిలకు దిగాలె?"

"చరిత్రలో ఓడిపోయారు పోశం."

"గా చరిత్ర రాసినోడు ఫస్టు షిఫ్టోడు అయ్యుంటడు."

దీనికి ఏ పుస్తకంలో జవాబు వెతకను చెప్పు?

ఇక నువ్వు అడిగినదానికి. డ్యూటీకి పోతున్నాడని రాశాను, గనిలోకి దిగుతున్నాడని రాయలేదు, చూసుకో. అబద్ధం ఆడకుండా దాచడం టీచర్లకు వచ్చిన విద్య. మీ అన్న దీపాల గదిలో ఉన్నాడు. లైటు డ్యూటీ, అంటే తేలిక పని. కిటికీలో కూర్చుని అందరికీ టోపీ దీపాలు ఇస్తాడు, షిఫ్టు దిగాక తీసుకుంటాడు. ఒకసారి తానే దీపం పెట్టుకుని గని నోటి దాకా నడిచాడట. అక్కడ చేతులు వణికి వెనక్కి వచ్చాడట. నాతో చెప్పలేదు, వేరేవాళ్లు చెప్పారు. డాక్టరు గారు ఒంట్లో ఏమీ లేదంటున్నారు. లైటు డ్యూటీ జనవరి నెలాఖరు వరకే. అప్పటికి దిగాలి, లేకపోతే అన్‌ఫిట్ రాస్తారు. నౌకరి పోతే నా జీతం ఉంది, ఆ ఫికరు నాకు లేదు. కానీ కప్పు కింద దుంగ నిలబెట్టడంలో మీ అన్నకు ఉన్న పేరు నీకు తెలుసు. అది పోతే ఆయనలో ఇంకేం మిగులుతుందో నాకు తెలియదు యోనా. రోజూ ప్రార్థనలో ఆయన మళ్లీ దిగాలనే అడుగుతున్నాను.

మొన్న అన్నం తింటూ, "నాకూ ఒక వేషం ఇయ్యి" అన్నాడు. నాకు పట్టరాని సంతోషం. ఏం వేషం అన్నాను.

"చచ్చే వేషం. మాట్లాడొద్దు, ఉర్కొద్దు. మొదట్లనే పడిపోయేటోణ్ణి."

ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉండను?

నీ వదిన,
సువార్త.


బెల్లంపల్లి,
21 అక్టోబర్ 1973.

వదినకు,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. దాచినందుకు కాదు. నువ్వు దాస్తావని తెలుసు, చిన్నప్పుడు నేను పొగ తాగింది కూడా నువ్వే దాచావు. ఆ వేషం ఇచ్చినందుకు కోపం. గట్టయ్యన్న పక్కన మట్టి కింద ఎంతసేపు ఉన్నాడో అన్న ఎవరికీ చెప్పలేదు. అటువంటి మనిషిని తీసుకొచ్చి, జనం ముందు శవంలా పడుకోబెడతావా? నీ చరిత్ర పాఠానికి మా అన్నే దొరికాడా? ఇంకేదైనా ఇవ్వు. జెండా పట్టుకునే పని ఇవ్వు. గడ్డాలు అంటించే పని ఇవ్వు.

ఇది రాసి నాలుగు రోజులు జేబులో పెట్టుకున్నాను. చింపేద్దామనుకున్నాను. కానీ నీతో కోపంగా మాట్లాడితే నువ్వు కోపంగా జవాబిస్తావు, మౌనంగా ఉంటే నువ్వు బాధపడతావు. కోపమే నయం.

పోశంకు ఒక సలహా. ఓడిపోయిన వాళ్లకు భోజనంలో ముందు వడ్డిస్తామని చెప్పు. మా ఆఫీసులో అందరూ దానికి కోట అప్పగిస్తామన్నారు.

యోనా.


గోదావరిఖని,
18 నవంబర్ 1973.

కోపిష్ఠి మరిదికి వందనాలు.

నీ కోపం అందింది. దాన్ని మడిచి బైబిలులో పెట్టాను, అక్కడైనా చల్లబడుతుందని. నువ్వన్నది నేను అనుకోలేదనుకున్నావా? మొదటి రోజే ఆ వేషం తీసేద్దామనుకున్నాను. ఏం జరిగిందో విను.

పొద్దున సెకండు షిఫ్టు వాళ్ల రిహార్సలు. శత్రువు లేడు కాబట్టి నేనే ఈలవేస్తే బాణం తగిలినట్టు. మీ అన్న పడాలి. పడ్డాడు. ఎంత బాగా పడ్డాడంటే పోశం ఒక అడుగు వెనక్కి వేశాడు. తరువాత అందరూ టీ తాగడానికి పోయారు. మీ అన్న లేవలేదు. నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుందామంటే వద్దన్నట్టు వేలు కదిపాడు. బడి గంట అయింది, పిల్లలు వస్తున్నారు. ఆయన నెమ్మదిగా ఒక పక్కకు తిరిగాడు, మోకాలు మడిచాడు, నేల మీద చెయ్యి ఆనించి లేచాడు. లేచి దుమ్ము దులుపుకుని దీపాల గదికి పోయాడు.

సాయంత్రం ఫస్టు షిఫ్టు వాళ్లకు చంపడానికి ఎవరూ లేరని నర్సింగం గోల పెట్టాడు. మీ అన్న వచ్చి వాళ్లకూ చచ్చాడు. అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు చస్తున్నాడు. ఆరు నెలలు సాము నేర్చి మూలనున్న ముసలిదాన్ని కొట్టినట్టు ఢిల్లీ సైన్యమంతా ఆయన ఒక్కడి మీద పడుతోంది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను గట్టిగా అడిగాను. ఈ వేషం వదిలెయ్యి, జెండా పట్టుకో, నీ తమ్ముడు కూడా అదే రాశాడు అన్నాను. ఆయన చెప్పు మీది మట్టి గీకుతూ కూర్చున్నాడు. గీకుతూనే అన్నాడు.

"పడుడు నాకు తెలుసు. గప్పుడు ఎట్ల లేసిన్నో, ఎవరు లేపిన్రో యాదికి లేదు సువార్తా. కండ్లు తెరిస్తే దవాఖానల ఉన్న. నేను లేసినట్టే అనిపిస్తలేదు. గందుకే లేసుడు చేసి చూస్తున్న."

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఉల్లిపాయలు లేకపోయినా ఏడ్చాను. ఇన్ని నెలల్లో ఆ కప్పు కూలిన సంగతి ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. నేను బడిలో అందరికీ చెప్పిన మాట ఉంది చూడు, వాళ్లు పడ్డట్టు పడి లోపల ఏమనిపిస్తుందో చూసుకోవాలని, దాన్ని ఆయన ఒక్కడే విన్నాడు.

పోశం కూడా దారికొచ్చాడు. భోజనానికి కాదు. ఒకరోజు తట్ట మీద కూర్చుని అడిగాడు. "ఓడినంక వాళ్లు ఏం జేసిన్రు టీచరమ్మా?" నిజం చెప్పాను, నాకు తెలియదన్నాను. బతికినవాళ్లు ఇళ్లకు పోయి ఉంటారు, చేలు ఉన్నవాళ్లు తెల్లారి నాగలి కట్టి ఉంటారు అన్నాను. "అంటే మర్నాడు పనికి పోయిన్రన్నట్టు. గట్లయితే మనసొంటోళ్లే. ఓడుతం తియ్యి" అన్నాడు. పోతూ పోతూ, "గానీ ఫస్టు షిఫ్టోళ్లు నవ్వొద్దు" అన్నాడు.

నీ మీద నాకు కోపం లేదు. మీ అన్న కోసం కోపగించుకునే మనిషి నేను కాక ఇంకొకరు ఉన్నారని తెలిసి ధైర్యంగా ఉంది.

నీ వదిన,
సువార్త.


బెల్లంపల్లి,
6 జనవరి 1974.

ప్రియమైన వదినకు వందనాలు.

క్రిస్మస్ రొట్టెలు అందాయి. మా గదిలో ముగ్గురం పంచుకున్నాం అని రాయాలని ఉంది కానీ నేనొక్కడినే తిన్నాను.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఒకరోజు అన్న చేస్తున్నది నేనూ చేసి చూద్దామనిపించింది. గదిలో నేల మీద పడుకుని కళ్లు మూసుకున్నాను. మీద బరువు ఉన్నట్టు, నోట్లో మట్టి ఉన్నట్టు అనుకుంటూ ఉన్నాను. కాసేపటికి నిజంగానే ఊపిరి ఆడలేదు. ఎలా లేవాలో తెలియలేదు. ఇంతలో నాతో ఉండే అబ్బాయి వచ్చి, నేను మూర్ఛపోయాననుకుని బిందెడు నీళ్లు నెత్తిన కుమ్మరించాడు. చలికాలం వదినా. వారం రోజులు జలుబు. అన్న రోజుకు రెండుసార్లు ఈ పని చేస్తున్నాడంటే అది ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలిసింది. నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను, నీళ్లలో తడిసిన మాటలే అయినా.

జనవరి ఇరవై ఆరుకు వద్దామనుకున్నాను. లెక్కల తనిఖీ ఉంది, సెలవు దొరకదు. ఏమీ వదలకుండా రాయి. ఎవరు ముందు పడ్డారు, ఎవరి గడ్డం ఊడింది, అన్న ఎలా ఉన్నాడు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. అన్నతో చెప్పు, చూసేవాళ్లు ఎంత పొగిడినా కళ్లు తెరవొద్దని.

నీ మరిది,
యోనా.


గోదావరిఖని,
28 జనవరి 1974.

మరిది యోనాకు వందనాలు.

కోట కూలింది. చరిత్రలో లాగా కాదు, నిజంగానే. ఎవరికీ ఏమీ కాలేదు. ముందే చెప్పాను కాబట్టి ఇక నిదానంగా చదువు.

కోట అంటే ఏమిటో నీకు చెప్పాలి. కట్టెలతో పొడుగాటి మంచె కట్టి, ముందు తడకలు నిలబెట్టి సున్నం పూశాం. మంచె మీద పోశం వాళ్లు నిలబడాలి. నర్సింగం వాళ్లు నిచ్చెనలు వేసి ఎక్కాలి. పొద్దున పోశం వాళ్లందరూ ఎక్కి చూశారు, గట్టిగా ఉంది. సాయంత్రం నర్సింగం వాళ్లందరూ ఎక్కి చూశారు, గట్టిగానే ఉంది. రెండు షిఫ్టులూ కలిసి ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎలా ఎక్కుతారు? ఒకరు పైన ఉంటే ఇంకొకరు భూమి లోపల ఉంటారు. ఇది నాకు గాని, హెడ్మాస్టరు గారికి గాని, ఇంత గని అనుభవం ఉన్న ఆ మనుషులకు గాని తట్టలేదు.

ఆరోజు సెలవు, ఊరంతా వచ్చింది. డప్పులు మోగాయి. మీ అన్న కోట తలుపు ముందు కావలి. నర్సింగం వెదురు బాణం వేయగానే గుంజ పక్కన నేల మీద పడిపోయాడు. జనం అయ్యో అన్నారు. ఒక ముసలమ్మ లేచి నీళ్లు తేబోయింది. ఢిల్లీ వాళ్లు కేకలు వేస్తూ నిచ్చెనలు ఎక్కారు. చెమటకు గడ్డాల నలుపు కారి అందరి చొక్కాలూ బొగ్గయ్యాయి. పైన పోశం వాళ్లు ఓడిపోవాల్సిన సంగతి పూర్తిగా మరిచిపోయారు. ఒక్కరినీ కిందికి తొయ్యలేదు, ఒక్కరూ కిందికి దిగలేదు. మంచె మీద రెండు షిఫ్టులూ కిక్కిరిసి తోసుకుంటున్నాయి.

నాకు ఏమీ వినబడలేదు. డప్పుల మోతలో ఎవరికీ వినబడలేదు. మీ అన్న చెవి నేలకు, గుంజ మొదట్లో ఉంది. ఆయనకు వినబడింది. చచ్చినవాడు లేచాడు యోనా. ఒక పక్కకు తిరగడం, మోకాలు మడవడం ఏమీ లేదు. ఒక్క ఊపున లేచి అరిచాడు.

"కట్టె పలుకుతాంది! ఎవ్వరు కదలకుండ్రి!"

ఆ గొంతు నేను పెళ్లైన కొత్తలో విన్న గొంతు. డప్పులు ఆగాయి. మంచె మీద రెండు సైన్యాలూ రాళ్లలా నిలబడిపోయాయి. కప్పు కూలే ముందు కింది దుంగ కిర్రుమంటుందట, గనిలో ఆ మాట విన్నాక కాలు కదిపేవాడు ఉండడట. కింద మిగిలిన ఢిల్లీ వాళ్లు కత్తులు పారేసి వచ్చి దూలం కింద భుజాలు పెట్టారు. మీ అన్న నిచ్చెన ఒకటి లాక్కుని దూలానికి ఆసరాగా నిలబెట్టాడు, ఇంకొకటి అడ్డం వేశాడు, తట్ట ఒకటి మడిచి సందులో కొట్టాడు. "పోశం, నీవోళ్లు ముందు. ఒక్కొక్కడే. ఉర్కొద్దు. నర్సింగం, నీవోళ్లు ఆగుండ్రి." ఒక్కొక్కరినీ పేరు పెట్టి దించాడు. అందరి తరువాత పోశం దిగాడు. భుజాలు పెట్టినవాళ్లను పక్కకు పొమ్మని చివరికి తాను తప్పుకున్నాడు. ఆయన తప్పుకున్నాక కోట మెల్లగా వంగి, పెళపెళమని కూలి, మైదానమంతా సున్నం దుమ్ము లేచింది.

జనం చప్పట్లు కొట్టారు. అదంతా ముట్టడిలో భాగమే అనుకున్నారు. ముఖ్య అతిథి గారు మాట్లాడుతూ, ఢిల్లీ సైన్యమూ కోట సైన్యమూ ఆపద సమయంలో ఒక్కటైన ఈ ఘట్టం జాతీయ సమైక్యతకు గొప్ప పాఠమని, ఇంతటి చారిత్రక పరిశోధన చేసిన టీచరు గారిని అభినందిస్తున్నానని అన్నారు. నాకు దండ వేశారు. వద్దనలేకపోయాను. మన పాస్టరు గారు మీ అన్న భుజం తట్టి, "మూడో రోజు దాకా అయినా ఆగలేకపోయావా సామ్యేలూ" అన్నారు. మీ అన్న నవ్వాడు. పళ్లు కనిపించేలా నవ్వాడు.

జనగణమన కూడా అయింది. హెడ్మాస్టరు గారికి తృప్తి.

పోశం, నర్సింగం ఇంకా తగువాడుకుంటున్నారు. కోట లొంగలేదు, కూలింది, కాబట్టి ఓడిపోలేదని పోశం వాదన.

నీ వదిన,
సువార్త.


బెల్లంపల్లి,
3 ఫిబ్రవరి 1974.

ప్రియమైన వదినకు వందనాలు.

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ గట్టిగా చదివాను. "చచ్చినవాడు లేచాడు" దగ్గర కాగితం బల్ల మీద పెట్టేశాను. మా పెద్ద గుమాస్తా కాగితం లాక్కుని మిగతాది చదివాడు. చదివి కళ్లద్దాలు తుడుచుకుని, "తనిఖీ పోతే పోయింది, ఆ రోజు నీకు సెలవు ఇవ్వాల్సింది" అన్నాడు. ఇప్పుడంటే ఏం లాభం?

వదినా, ఇక నీ ప్రార్థన ఫలించినట్టే. అన్న దిగుతాడు. దిగే రోజు నాకు కార్డు ముక్క రాస్తే చాలు, ఇక్కడ మిఠాయి పంచుతాను. నువ్వు కూడా అక్కడ పండగ చేసుకో.

ఆ నర్సు అమ్మాయి ముట్టడి చూడటానికి వచ్చిందా? ఊరికే అడుగుతున్నాను. టీ ఒలికిన పేజీ ఎండింది.

నీ మరిది,
యోనా.


గోదావరిఖని,
12 ఫిబ్రవరి 1974.

మరిది యోనాకు వందనాలు.

సుగుణమణి వచ్చింది. ఎవరికైనా దెబ్బ తగులుతుందేమోనని దూది, టింక్చరు పట్టుకుని కూర్చుంది. ఒక్కరికీ ఏమీ కాలేదని కొంచెం నిరాశపడింది. నీ ఫోటో చూపించాను. "జలుబు తగ్గిందా?" అని అడిగింది. ఇక మిగతాది నువ్వే వచ్చి చూసుకో.

మీ అన్న నిన్న దిగాడు.

నెలాఖరుకు డాక్టరు గారిని కలిసి కాగితం తెచ్చుకున్నాడు. సోమవారం ఫస్టు షిఫ్టు. దీపాల గదిలో అటు కూర్చునే మనిషి ఇటు నిలబడి తన దీపం తాను తీసుకున్నాడని, వరుసలో ముందుకు తోసినా పోకుండా తన వంతు వచ్చేదాకా ఆగాడని నర్సింగం చెప్పాడు. చేతులు వణికాయా అని అడిగాను. "వణికినయి టీచరమ్మా. వణుక్కుంటనే పోయిండు" అన్నాడు.

పండగ చేసుకోమన్నావు. నేను బడికి పోయాను. ఆరో తరగతికి పాఠం చెబుతూ ఒకే వాక్యం రెండుసార్లు చెప్పానని పిల్లలు నవ్వారు. బయట లారీ వెనక తలుపు దడాలున పడితే సుద్దముక్క నా చేతిలో విరిగింది. ఇన్ని నెలలు ఆయన దిగాలని మోకాళ్ల మీద అడిగాను. దిగిన రోజున, ఆయనను పైకి తీసుకురా అని అడుగుతున్నాను. ఈ మనిషి తనకేం కావాలో తేల్చుకోలేకపోతోందని దేవుడు అనుకుంటాడు.

సాయంత్రం వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు, కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. గుమ్మంలో నిలబడి నేను చూస్తూ ఉంటే, "గట్ల చూస్తవేంది? నేనే" అన్నాడు. తెల్లటి చాప మీద అలాగే కూర్చున్నందుకు బాగా తిట్టాను. తిట్టినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. రాత్రి పడుకోగానే నిద్రపోయాడు. గోడవైపు తిరగలేదు.

ఈ రోజు మళ్లీ పోయాడు. రేపు పోతాడు. ఎల్లుండి పోతాడు.

యోనా, వచ్చే ఏడు కూడా ముట్టడి చెయ్యాలని హెడ్మాస్టరు గారు అప్పుడే అంటున్నారు. ఈసారి గట్టి కోట కట్టిస్తారట. నేను మొన్నటి ముట్టడి అంతా మనసులో తిప్పి చూసుకున్నాను. గడ్డాలు వెతికాను, డాళ్లు వెతికాను, ఎవరు ఎక్కడ పడాలో గీత గీసి పెట్టాను. కోట లోపలి ఇళ్లలో ఆడవాళ్లు ఉండి ఉంటారన్న ఆలోచనే నాకు రాలేదు. వాళ్లు ఏం చేశారో ఏ పుస్తకంలోనూ లేదని ఇప్పుడు వెతకబోవడం లేదు. ఏం చేశారో నాకు తెలుసు. పొద్దున్నే లేచి అన్నం కట్టి ఇచ్చారు. అతను "పోయొస్త" అన్నాడు. జాగ్రత్త అంటే ఏమవుతుందోనని, వీళ్లు ఏమీ అనకుండా తల ఊపారు. అతను మలుపు తిరిగే దాకా నిలబడి, లోపలికి పోయి, అంట్లు తోమడం మొదలుపెట్టారు.

వచ్చే ఏడు ఆ వేషం నేను వేస్తాను. దానికి రిహార్సలు అక్కర్లేదు.

నీ వదిన,
సువార్త.